విదేశ విద్యకు నమ్మదగిన ఏజెన్సీని ఎన్నుకొను విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పియున్నారు. ఈ కాలమున ఆ రెంటికి మూడవది యొకటి చేరినది. అది బిడ్డను విదేశమునకు చదువుకు పంపి చూచుట. దీనికగు వ్యయము తక్కిన రెండింటిని మించుచున్నది. తాతలనాటి మాగాణి తాకట్టు పడుచున్నది. తల్లి మెడలోని బంగారము బ్యాంకుకు పోవుచున్నది. అంత ధనము ఎవరి మాట నమ్మి వెచ్చింపబడుచున్నదో ఆ మనిషిని గూర్చి విచారించువారు మాత్రము తక్కువ. అందుచేతనే నేటి ప్రసంగమునకు ఈ విషయము గ్రహింపబడినది.

చదువుకై సముద్రము దాటుట తెలుగువారికి క్రొత్త కాదు. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1902లో ప్రభుత్వ విద్యార్థి వేతనముతో కేంబ్రిడ్జికి వెళ్ళిరి. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో బోస్టను చేరి హార్వర్డులో చదివిరి. ఆ తరమున అట్లు పోయినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినవారు. నేడు విదేశమున ఒక బిడ్డయైనను లేని గ్రామము అరుదు. పోవువారు పెరిగినకొలది పంపువారును పెరిగిరి. పట్టణములలో వీధికొక ఏజెన్సీ వెలసినది.

ఏజెన్సీలన్నియు మోసపు సంస్థలని చెప్పుట న్యాయము కాదు. దరఖాస్తులు నింపుట, మార్కుల పత్రములు పంపుట, బ్యాంకు కాగితములు సిద్ధపరచుట, వీసా ప్రశ్నలకు తరిఫీదు ఇచ్చుట మున్నగు పనులు శ్రద్ధతో చేయువారు పలువురు కలరు. అయినను వారి జీవనాధార మేమో ముందుగా తెలిసికొనవలెను. పెక్కు విదేశీ విద్యాసంస్థలు తమకు విద్యార్థిని చేర్చిన ఏజెంటుకు మొదటి సంవత్సరపు ఫీజులో కొంత భాగము కమీషనుగా ఇచ్చును. కావున “మా సేవ ఉచితము” అను మాటకు “మాకు కళాశాలవారు ఇత్తురు” అని అర్థము. ఎవరు కూలి ఇచ్చిన వారి పని చేయుట లోకసహజము. జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో అనేక కోర్సులకు విద్యాశుల్కము లేదు. శుల్కము లేనిచోట కమీషను పుట్టదు. అట్టిచోటు పేరు కొందరు ఏజెంట్ల నోట రాకపోవుటకు ఇదియే కారణము. కమీషను పుచ్చుకొనుట నేరము కాదు, దాచుట దోషము. “ఈ కళాశాలనుండి తమకు కమీషను ముట్టునా?” అని అడిగినపుడు సూటిగా ఔననువాడు, కోపించువానికంటె నమ్మదగినవాడు.

ఇక జరిగిన సంగతులను మూడింటిని చూతము.

మొదటిది అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము కథ. 2011 జనవరిలో అధికారులు దానిపై దాడి చేసి మూసివేసిరి. అందలి విద్యార్థులలో అత్యధికులు భారతీయులు, వారిలోను ఆంధ్రప్రదేశ్ వారు పలువురు. సగమునకు మించిన విద్యార్థుల నివాసముగా ఒకే అపార్టుమెంటు చిరునామా చూపబడినట్లు విచారణలో తేలినది. కొందరు విద్యార్థుల కాళ్ళకు జాడ తెలుపు యంత్రములు తగిలింపబడినవి. స్థాపకురాలికి 2014లో 16 ఏండ్లకు మించిన కారాగార శిక్ష పడినది. మరియొకరిని చేర్చిన విద్యార్థికి ఫీజులో వాటా ఇచ్చుట అచ్చటి పద్ధతి. అనగా ఏజెంటు ఎల్లప్పుడు బోర్డు కట్టుకొని రాడు. ఒక్కొక్కప్పుడు తోటి విద్యార్థియై, స్నేహితుడై, బంధువై వచ్చును.

రెండవది మిషిగన్ రాష్ట్రమందలి ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయము. ఇది వీసా మోసములను పట్టుకొనుటకు అమెరికా ప్రభుత్వమే 2015లో పన్నిన వల. అచ్చట ఉపాధ్యాయుడు లేడు, తరగతి లేదు. అయినను ప్రభుత్వము ఆమోదించిన సంస్థల జాబితాలో దాని పేరుండెను. 2019 జనవరిలో విద్యార్థులను చేర్చిన 8 మందిపై నేరము మోపబడెను. ఆ దినములలో పట్టుబడిన విద్యార్థులు సుమారు 130 మంది. వారిలో ఇంచుమించుగా అందరును భారతీయులే, తెలుగువారును అనేకులు. ప్రభుత్వమే వల పన్నుట ధర్మమా యని ఆనాడు వాదములు చెలరేగినవి. ఆ వాదమెట్లున్నను, జాబితాలో పేరున్నంత మాత్రమున సంస్థ మంచిది కాదనియు, పాఠములు లేని చదువు చదువు కాదనియు దీనివలన తెలియుచున్నది.

మూడవది కెనడాలో 2023లో బయటపడినది. కొన్ని వందలమంది భారతీయ విద్యార్థులు, ముఖ్యముగా పంజాబువారు, ఏజెంటు ఇచ్చిన ప్రవేశ పత్రములతో కొన్ని ఏండ్ల క్రిందటనే అచ్చటికి పోయియుండిరి. దిగిన పిమ్మట “సీట్లు నిండినవి, వేరొక కళాశాలలో చేరుడు” అని ఏజెంటు చెప్పెను. వారు చేరి, చదివి, ఉద్యోగములు చేయుచు, స్థిరనివాసమునకు దరఖాస్తు పెట్టిన తరువాతనే ఆ మొదటి పత్రములు దొంగవని తెలిసినది. దేశమునుండి పంపివేయుదురను భయము వారిని చుట్టుకొనెను. దరఖాస్తులో ఏజెంటు పేరు లేదు, విద్యార్థులే స్వయముగా పెట్టుకొన్నట్లున్నది! నిర్దోషులని తేలినవారు ఉండవచ్చునని ఆ ప్రభుత్వము 2023 జూన్‌లో ప్రకటించెను. ఆ సంవత్సరము డిసెంబరు 1వ తేదీ నుండి ప్రతి ప్రవేశ పత్రమును కళాశాలవారితో సరిచూచు పద్ధతిని ప్రవేశపెట్టెను. చేతులు కాలిన తరువాత పట్టుకొన్న ఆకులివి.

ఇట్టి సంగతులు విని భయపడి బిడ్డలను ఇంట కట్టివేయనక్కరలేదు. రైతు పొలము కొనునపుడు దళారి మాట విని సొమ్ము లెక్కపెట్టడు. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమునుండి ఇ.సి. తెప్పించును. అడంగలు చూచును. గట్టు పొలమువారిని అడుగును. స్వయముగా పోయి మన్ను పిడికిట పట్టి చూచును. ఆ జాగ్రత్తయే ఇచ్చటను కావలెను.

మొదట విద్యాసంస్థను పరీక్షించి, పిమ్మట ఏజెంటును పరీక్షింపవలెను. పెక్కు దేశములు విదేశ విద్యార్థులను చేర్చుకొన అర్హతగల సంస్థల జాబితాను ప్రకటించుచున్నవి. బ్రిటనులో అనుమతి పొందిన సంస్థల పట్టిక కలదు. ఆస్ట్రేలియాలో క్రికోస్ అను పట్టిక కలదు. కెనడాలో డి.ఎల్.ఐ. జాబితా కలదు. అందు పేరు లేనిచో ఆ సంస్థను అంతటితో విడువవలెను. ఉన్నచో పరీక్ష ఆరంభమైనదని మాత్రమే తలపవలెను. గుర్తింపు ఇచ్చిన సంఘమేది? ఉపాధ్యాయుల పేర్లేవి? తరగతులు వారమునకు ఎన్ని దినములు? అచ్చట చదువుచున్నవారితో మాటాడ వీలున్నదా? “తరగతులకు పోనక్కరలేదు, మొదటి దినమునుండియే పని చేసికొనవచ్చును” అను మాట వినబడినచో లేచి రావలెను.

రెండవది ఏజెంటు అధికారము. “మాకు ఆ విశ్వవిద్యాలయముతో ఒప్పందము కలదు” అని చెప్పిన యెడల, ఆ విశ్వవిద్యాలయమునకే లేఖ వ్రాసి అడుగవలెను. ఆస్ట్రేలియా విద్యాసంస్థలు తమ ఏజెంట్ల పేర్లను ప్రకటించుచున్నవి. భారతదేశమున 1983లో వచ్చిన వలస చట్టము ఉద్యోగములకు మనుష్యులను పంపు ఏజెంట్ల నమోదును గూర్చి చేసినదే కాని, విద్యార్థులను పంపువారిని గూర్చి చేసినది కాదు. కావున గోడమీది సర్టిఫికెటును చూచి సర్కారు ముద్ర యని భ్రమపడరాదు.

మూడవది ధనము. కళాశాల ఫీజు బ్యాంకు ద్వారా కళాశాల ఖాతాకే పోవలెను, ఏజెంటు ఖాతాకు పోరాదు. ఏజెంటుకిచ్చు రుసుము ఎంతయో, వీసా రానిచో ఎంత తిరిగి ఇచ్చునో కాగితముపై వ్రాయించి రశీదు పుచ్చుకొనవలెను. అసలు సర్టిఫికెట్లను ఎవరియొద్దను విడువరాదు. “వీసా గ్యారంటీ” యను మాట వట్టిది. వీసా ఇచ్చు అధికారము ఆయా ప్రభుత్వాధికారులది, పట్టణములోని ఏజెంటుది కాదు.

నాల్గవది సత్యము. ఇదియే అన్నిటికంటె ముఖ్యము. దొంగ అనుభవ పత్రము, ఎరువు తెచ్చిన బ్యాంకు నిల్వ, మార్చిన మార్కులు, వీనిని “అందరును చేయుచున్నదే” యని ఏజెంటు సమర్థించును. పట్టుబడినపుడు అతడు కనబడడు, సంతకము విద్యార్థిది. మోసము చేసినట్లు తేలినచో బ్రిటను 10 ఏండ్ల వరకును, కెనడా 5 ఏండ్లును తలుపు మూయును. అమెరికా తలుపు సాధారణముగా జీవితాంతము మూతపడును. కావున దరఖాస్తుకు వాడు ఈమెయిలు, దాని రహస్యపదము విద్యార్థి చేతనే ఉండవలెను. ప్రతి పుటను చదివిన పిమ్మటనే సంతకము చేయవలెను. ఏజెంటు నింపిన దరఖాస్తులో అతని పేరు ఉండవలెనని పట్టుబట్టవలెను.

వైద్యవిద్యకు పోవువారికి మరియొక మాట. జాతీయ వైద్య కమీషను 2021లో చేసిన నిబంధనల ప్రకారము విదేశ వైద్య కోర్సు కనీసము 54 నెలలుండవలెను. బోధన ఆంగ్లములో జరుగవలెను. అచ్చటనే 12 నెలల ఇంటర్న్‌షిప్ పూర్తికావలెను. నీట్ అర్హతయు కావలెను. “తక్కువ కాలము, తక్కువ ఖర్చు” అను ప్రకటనను నమ్మి పోయి, తిరిగివచ్చి వైద్యము చేయ అర్హత లేక నిలిచినచో, పోయినది ధనము మాత్రమే కాదు, యౌవనమును.

తల్లిదండ్రులు బిడ్డతోపాటు ఏజెన్సీకి పోవుట మంచిది. ఆంగ్లము రాదని సిగ్గుపడనక్కరలేదు. తెలుగులో అడిగిన ప్రశ్నకు తెలుగులో సమాధానము చెప్పలేనివాడు ఏదియో దాచుచున్నాడని గ్రహింపవచ్చును. “ఈ రోజే కట్టుడు, రేపు సీటు ఉండదు” అని తొందరపెట్టువానికి “రేపే వత్తుము” అని చెప్పి రావలెను. బ్రిటిష్ కౌన్సిలు, జర్మనీవారి డాడ్, ఫ్రాన్సువారి క్యాంపస్ ఫ్రాన్స్ మున్నగు సంస్థలు తమ దేశముల విద్యను గూర్చి నేరుగా సమాచార మిచ్చుచున్నవి. ఏజెంటు మాటను ఆ సమాచారముతో సరిచూడవచ్చును.

చివరకు గ్రంథాలయముయొక్క కర్తవ్యము. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండి, తెలియనివానికి తెలియజెప్పుటయే ఈ ఉద్యమముయొక్క ప్రాణము. ఆనాడు చదువురానివారికి వార్తాపత్రిక చదివి వినిపించుట పెద్ద సేవ. ఏజెన్సీవారిచ్చిన కాగితమును రైతుకు చదివి అర్థము చెప్పుట నేటి సేవ. గ్రంథాలయమున ఒక పుస్తకముంచి, విదేశములలో చదివినవారిచే తాము పోయిన మార్గము, అయిన ఖర్చు, ఎదురైన మోసము వ్రాయించిన బాగుండును. చదువుకొన్న యువకులు వారమునకొక సాయంకాలము కూర్చుండి, విద్యాసంస్థల జాబితాలను కంప్యూటరులో చూచిపెట్టవచ్చును. దీనికి గొప్ప ధనము అవసరము లేదు. ఒక బల్ల, ఒక దీపము, రెండు గంటల ఓపిక చాలును.

ఒక కుటుంబపు మాగాణి నిలిచినను, ఒక బిడ్డ భవిష్యత్తు దక్కినను ఈ ఇరువదియైదేండ్ల గ్రంథాలయ సేవ సఫలమైనట్లే. సముద్రము దాటు ప్రతి విద్యార్థియు సత్యమార్గమున పోయి, విద్యతోడను గౌరవముతోడను తిరిగివచ్చుగాక. గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ చూచుగాక.

స్వస్తి.