మాల తీసిన మర్నాడు

(తాగుడు మాని కోలుకుంటున్న గని కార్మికులకు, వారి కుటుంబ సభ్యులకు గోదావరిఖనిలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

 

ఫస్ట్ షిఫ్టు దిగి స్నానం చేసి నేరుగా వచ్చినవారున్నారు. రాత్రి నైట్ షిఫ్టుకు పోవలసినవారూ ఉన్నారు. అందుకని ఎక్కువసేపు మాట్లాడను. ఒక సోదరుడు నన్నడిగిన ప్రశ్న మీ ముందు పెడతాను. ఆయన పేరు, ఆయన పనిచేసే బాయి పేరు చెప్పను.

ఆయన అయ్యప్ప మాల వేసుకున్నాడు. నల్లబట్టలు కట్టాడు, తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చేశాడు, నేల మీద పడుకున్నాడు. 41 రోజులు మందు ముట్టలేదు. శబరిమల పోయివచ్చాడు. తరువాత మా కౌన్సెలింగ్ గదికి వచ్చి తల వంచుకుని కూర్చున్నాడు. “మేడం, నలభై ఒక్క రోజులు ముట్టలే. మాల తీసిన నాడు పొద్దుగూకంగనే తాగిన. దేవుడు గూడ నన్ను ఇడిసిపెట్టిండా?” అన్నాడు.

ఇది ఆయన ఒక్కడి ప్రశ్న కాదు. ఈస్టరుకు ముందు శ్రమదినాలు 40 నిష్ఠగా ఉండి, పండుగ సాయంత్రమే తాగిన క్రైస్తవ సోదరులను చూశాను. రంజాన్ నెలంతా ఆగి, ఈద్ దాటగానే మొదలుపెట్టినవారినీ చూశాను. అందరిదీ ఒకటే బాధ. మొక్కుకున్న దినాలు గడిచాయి. మర్నాడు మాత్రం గడవలేదు. ఆ మర్నాటి గురించే ఈ నాలుగు మాటలు.

ముందు శరీరం సంగతి

తాగుడుకు బానిస కావడం ఒక జబ్బు. సిగ్గులేనితనమని తిట్టినంత మాత్రాన అది పోదు. ఏళ్ళ తరబడి రోజూ తాగిన శరీరం మందుకు అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా ఆపితే, ఆరు గంటల నుంచి ఒక రోజు లోపల చేతులు వణకడం, చెమటలు, గుండెదడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. మరికొందరికి రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. దాన్ని గాలి సోకిందనుకుని ఇంట్లో కట్టేయవద్దు. అది ప్రాణం తీసే స్థితి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

రోజూ ఎక్కువగా తాగేవారు డాక్టరుకు చూపించుకునే మానాలి. బి-1 విటమిన్ ఇంజెక్షన్లు, వణుకు తగ్గించే మందులు కొద్ది రోజులు అవసరమవుతాయి. మందు మానేశామని కల్లుకు మారవద్దు. కల్తీ కల్లులో నిద్రమాత్రల మందు కలుపుతున్న సంగతి మన ప్రాంతంలో అందరికీ తెలిసిందే. అది ఇంకొక బానిసత్వం.

“ప్రార్థన చేస్తున్నాను కదా, మాత్రలెందుకు?” అని కొందరడుగుతారు. విరిగిన కాలికి కట్టు కట్టించుకుని కూడా ప్రార్థన చేస్తాం కదా! ఇదీ అంతే.

దీక్షలో ఏముంది?

ఇప్పుడు ఆ సోదరుని దగ్గరకు వద్దాం. “ఆ 41 రోజులు ఎట్లా ఆగగలిగావు?” అని అడిగాను. “స్వామి మహిమ” అన్నాడు. “సరే, ఆ దినాల్లో నీ రోజు ఎట్లా గడిచిందో చెప్పు” అన్నాను.

చెబుతూ పోయాడు. పొద్దున లేచే వేళ మారింది. సాయంత్రం షిఫ్టు దిగగానే దోస్తులతో పోయే బదులు భజనకు పోయాడు. పక్కన మాల వేసుకున్న మరో పదిమంది ఉన్నారు. వీధిలో అందరూ “స్వామీ” అని పిలిచారు. అంతకుముందు అదే వీధి ఆయన్ని తాగుబోతు అని పిలిచేది. భార్య చేసిన వంట భక్తితో తిన్నాడు. ఎవరి మీదా నోరు పారేసుకోలేదు.

మాల తీసిన రోజున ఇవన్నీ ఒక్కసారే పోయాయి. భజన లేదు, తోటి స్వాములు లేరు, “స్వామీ” అనే పిలుపు లేదు. పాత దోస్తులు మాత్రం ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు.

బాయి పని చేసే మీకు నేను చెప్పేదేముంది? పైకప్పుకు పెట్టిన సపోర్టులన్నీ ఒకేసారి లాగేసి, దాని కిందే నిలబడతారా? నిలబడరు. పాత సపోర్టు తీయాలంటే ముందు కొత్తది పెట్టాలి. మన సోదరుని విషయంలో జరిగింది అదే. సపోర్టులన్నీ ఒక సాయంత్రమే తీసేశారు. కప్పు కూలింది. అందులో దేవుడు విడిచిపెట్టిన సంగతి ఎక్కడుంది?

ఖాళీ ఇల్లు

యేసు ప్రభువు చెప్పిన ఒక ఉపమానం మత్తయి సువార్తలో ఉంది. ఒక మనిషిని వదిలిపోయిన అపవిత్రాత్మ తిరిగి వచ్చి చూస్తే, ఇల్లు ఊడ్చి సర్ది ఉంది, కానీ ఖాళీగా ఉంది. అప్పుడది తనకంటే చెడ్డవైన మరో ఏడింటిని వెంటబెట్టుకుని వచ్చి కాపురం పెట్టింది. మందు మానడమంటే ఇల్లు ఊడ్వడం. అది అవసరమే. అయితే ఊడ్చిన ఇంట్లోకి ఎవరో ఒకరు వచ్చి ఉండాలి. ఆ ఇంటిని మంచితో నింపుకోవడమే ఆధ్యాత్మిక ఎదుగుదల.

అప్పటి మన ఉమ్మడి రాష్ట్ర చరిత్ర కూడా ఈ మాటే చెబుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఆ తల్లుల పోరాటం చిన్నది కాదు, ఎన్నో ఇళ్ళను నిలబెట్టింది. కానీ ప్రభుత్వం మూసిన దుకాణాన్ని ప్రభుత్వమే తెరవగలదు. మనిషి లోపల మూసుకున్న తలుపు తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది.

నింపుకోవలసినవి నాలుగు

మొదటిది, నిజం. తాగుడు మొదట చంపేది నిజాన్నే. “ఒక్క పెగ్గే”, “జీతంలో కటింగులు పోయాయి”, “ఒంట్లో బాగలేక మస్టరు పడలేదు” అని రోజూ అబద్ధాలు చెప్పిన నోరు అది. రోజుకొకసారి ఒక్క మనిషికి ఉన్నదున్నట్టు చెప్పండి. “ఇవాళ తాగాలనిపించింది” అని చెప్పడం కూడా నిజమే. చెప్పుకున్న కోరిక బలం తగ్గుతుంది. దాచుకున్న కోరిక పెరుగుతుంది.

రెండవది, సాటి మనిషి. 1935లో అమెరికాలోని అక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే వ్యాపారి ఒక హోటల్లో ఒంటరిగా నిలబడ్డాడు. ఆయన తాగుడు మాని అయిదు నెలలే అయింది. వచ్చిన పని చెడిపోయింది. ఒక పక్క బారులో నవ్వులు వినిపిస్తున్నాయి, మరో పక్క టెలిఫోను ఉంది. ఆయన బారులోకి పోకుండా చర్చి పాదిరులకు ఫోను చేసి, తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడాలని కోరాడు. అట్లా దొరికిన మనిషే డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్. ఆ డాక్టరు చివరిసారి తాగిన 1935 జూన్ 10నే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా జరుపుకుంటారు. అందులో ఎవరి దేవుణ్ణి వారు నమ్ముకోవచ్చు, చందా కట్టనవసరం లేదు. ఇందులో మనకొక పాఠముంది. బిల్ ఆ రోజు సహాయం అడగడానికి పోలేదు, చేయడానికి పోయాడు. అదే ఆయన్ని కాపాడింది. మీరు మాని నెల రోజులే అయినా సరే, నిన్న వార్డులో చేరిన తమ్ముడి పక్కన కూర్చుని మాట్లాడగలరు.

మూడవది, చెడగొట్టినదాన్ని బాగుచేయడం. జక్కయ్య కథ మీలో చాలామందికి తెలుసు. ప్రభువు తన ఇంటికి వచ్చినందుకు సంతోషించి ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. మీరు నాలుగింతలు ఇవ్వలేకపోవచ్చు. కుదువ పెట్టిన పుస్తెలతాడు విడిపించండి. కిరాణా కొట్టు బాకీ నెలకు కొంత తీర్చండి. బిడ్డ స్కూలు ఫీజు మీ చేతులతో కట్టండి. ఇవి కూడా ఆరాధనే.

నాలుగవది, షిఫ్టుకొక ప్రార్థన. ఉదయం అయిదింటికే ప్రార్థన చేయాలంటే నైట్ షిఫ్టువారికి కుదరదు. ల్యాంప్ రూములో దీపం తీసుకునేటప్పుడు ఒక్క నిమిషం ఆగండి. “ఈ షిఫ్టు నన్ను కాపాడు. దిగిన తరువాత ఇంటిదాకా నాతో నడువు” అనండి, చాలు. నిన్నటి చార్జింగుతో ఇవాళ బాయి దిగరు కదా! జీవితాంతం తాగనని ఒట్టు పెట్టుకోవద్దు. ఈ పూట తాగనని చెప్పుకోండి, రేపు మళ్ళీ చెప్పుకోండి.

జీతాల రోజు, దసరా ముందు లాభాల వాటా పడే రోజు, దీపావళి బోనస్ రోజు ముందే తెలుసు. ఆ రోజుల్లో ఎవరితో ఉండాలో వారం ముందే నిర్ణయించుకోండి. మస్టరు లేని కాంట్రాక్టు కార్మికులకైతే ఏ రోజు కూలి చేతికి వస్తే ఆ రోజే పరీక్ష.

కుటుంబాలకు ఒక మాట

అక్కలారా, “మానేశాడు కదా, క్షమించు” అని అందరూ మీ మీద పడతారు. నమ్మకం తిరిగి రావడానికి సమయం పడుతుంది. అన్నలారా, దేవుడు క్షమించాడని చెప్పి భార్యను తొందరపెట్టకండి. కొడితే ఓర్చుకొమ్మని ఏ మతమూ చెప్పదు. ప్రమాదమనిపిస్తే 181కి ఫోను చేయండి.

ఇంకొక సంగతి. మందు మాన్పించే మాత్రలు ఆయనకు తెలియకుండా కూరలో కలపకండి. తెలియక పైన తాగితే బి.పి. పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అబద్ధంతో మొదలైన వైద్యం నిజం నేర్పలేదు.

మళ్ళీ జారితే?

కొందరు జారతారు. అప్పుడు రెండు పనులు చేయవద్దు. దాచవద్దు, “ఎలాగూ పోయింది కదా” అని కొనసాగించవద్దు. మర్నాడే రండి. తప్పిపోయిన కుమారుడు స్నానం చేసి మంచి బట్టలు కట్టుకుని ఇంటికి రాలేదు. ఉన్నవాడు ఉన్నట్టే వచ్చాడు. తండ్రి దూరం నుంచే చూసి ఎదురు పరుగెత్తాడు.

ఆ సోదరునికి నేనిచ్చిన జవాబు ఇదే. “దేవుడు నిన్ను విడిచిపెడితే, నువ్వు ఈ గదికి వచ్చేవాడివి కాదు. మాల తీసినా భజనకు పో. నీతో మాల వేసిన పదిమందిలో తాగనివాళ్ళు ఇద్దరిని పట్టుకో. వారానికొకసారి ఇక్కడికి రా.” ఆయన వస్తున్నాడు. మధ్యలో ఒకసారి జారాడు. మర్నాడే వచ్చి చెప్పాడు. ఆ చెప్పడమే ఎదుగుదల అని నేను నమ్ముతాను.

ఇప్పుడు అందరం ఒక్క నిమిషం మౌనంగా, ఎవరి దేవుణ్ణి వారు తలచుకుందాం. ఈ పూట కోసం బలం అడుగుదాం. రేపటి సంగతి రేపు అడుగుదాం.

గుర్తుంచుకోండి: మత్తు అలవాట్లు మానడానికి ఉచిత సలహా ఫోను 14446. మనసు బాగాలేనప్పుడు టెలి-మానస్ 14416.