నాన్న ఎక్కని రైలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పాతికేళ్లుగా కెనడాలో ఉంటున్నాను కదా అని, "అక్కడ తప్పక చూడాల్సినవేమిటో పది నిమిషాల్లో చెప్పు" అన్నారు నిర్వాహకులు. ఈ సభలో చాలామంది పిల్లలు అక్కడే ఉన్నారు. ఏదో ఒక వేసవికి మీరూ వస్తారు. అందుకని ముఖ్యంగా ఆ అమ్మానాన్నల కోసమే మాట్లాడతాను.

మన సోషల్ మాస్టారు గోడకు ప్రపంచపటం తగిలించి, కెనడా మీద బెత్తం ఆనించి, "రెండో పెద్ద దేశం. ఏం పండుతుంది? గోధుమ" అనేవారు. పరీక్షకు అది చాలు. అది నిజంగా ఎంత పెద్దదో అక్కడికెళ్లి పదేళ్లయినా నాకు తెలియలేదు. విస్తీర్ణం సుమారు 99.8 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశానికి మూడింతలు. జనం మాత్రం నాలుగు కోట్ల పైచిలుకు. 2011 లెక్కల్లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవాళ్లలో దాదాపు సగం. ఒకే దేశంలో ఆరు టైమ్ జోన్లు. నేను మాత్రం ఇల్లు, ఆఫీసు, శనివారం కూరగాయలు, ఆదివారం గుడి. ఇండియా నుంచి ఎవరొచ్చినా నయాగరా. ఆ జలపాతం దగ్గర కారు ఎక్కడ ఆపాలో కళ్లు మూసుకుని చెప్పగలను.

2009లో అమ్మా నాన్నా వచ్చారు. నాన్న గూడ్సు గార్డుగా రిటైరైన మనిషని మీలో కొందరికి తెలుసు. ఆయనకు నయాగరా చూపించాను, టొరంటోలో 553 మీటర్ల సీఎన్ టవర్ చూపించాను. ఒకరోజు ఆయన మ్యాపు ముందేసుకుని, "ఇక్కడి నుంచి అవతలి సముద్రం దాకా రైలుందటగా. ఒకసారి ఎక్కుదామా?" అన్నారు. ఆయన జీవితంలో నన్ను నోరు తెరిచి అడిగినవి చాలా తక్కువ. "నాలుగు రాత్రులు పడుతుంది నాన్నా, అంత సెలవు దొరకదు. వచ్చేసారి చూద్దాం" అన్నాను. విమానంలో ఐదు గంటల్లో పోయేదానికి రైలెందుకని నా లెక్క. ఆ వచ్చేసారి రాలేదు. 2012లో ఆయన పోయారు.

2018 జులైలో అమ్మను తీసుకుని ఆ రైలెక్కాను. టొరంటో నుంచి వాంకూవరుకు 4,466 కిలోమీటర్లు. మొదటి రోజంతా నల్ల బండలు, సరస్సులు, స్ప్రూస్ చెట్లు. పొద్దున లేచి చూస్తే మళ్లీ అవే. ఊరు లేదు, మనిషి లేడు. "ఇంత నేల ఎవరూ లేకుండా ఎలా ఉందిరా?" అని అమ్మ అడుగుతూనే ఉంది. విన్నిపెగ్ దాటాక నేల చాప పరిచినట్టు చదునైపోయింది. కనోలా చేలు మన ఆవచేలలాగే పచ్చగా పూసి ఉన్నాయి. సస్కాచ్వాన్ రాష్ట్రంలో మైసూరు పప్పు పండించే పొలాలున్నాయి. మనం కొట్లో కొనే ఆ పప్పులో కొంత అక్కడి నుంచే ఓడలెక్కి వస్తుంది. మాస్టారూ, గోధుమ సరే, పప్పు సంగతి మీరు చెప్పలేదు!

దారిలో మా రైలు చాలాసార్లు లూపు లైన్లో ఆగింది, గూడ్సుకు దారివ్వడానికి. ఆ పట్టాలు చాలామటుకు గూడ్సు నడిపే కంపెనీవే. అందుకని అక్కడ గూడ్సు ముందు, ప్రయాణికులు తరవాత. ఎక్స్‌ప్రెస్సులు పోయేదాకా లూపుల్లో పడిగాపులు పడుతూనే నాన్న ఉద్యోగమంతా గడిచింది. అమ్మ కిటికీలోంచి పెట్టెలు లెక్కపెట్టి, నూరు దాటాక మానేసింది. ఆఖరి పెట్టె పోయాక, "గార్డు పెట్టె ఏదిరా?" అంది. అక్కడ గార్డు పెట్టెలు తీసేసి చాలాకాలమైంది. చివర ఒక చిన్న దీపం మిణుకుమంటూ పోతుంది. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత, "గూడ్సుకు దారిచ్చే దేశం కూడా ఒకటుందని మీ నాన్నకు తెలియకుండానే పోయింది" అంది.

నాలుగు రాత్రుల్లో నేను తెలుసుకున్నది ఇదే. ఆ దేశంలో చూడాల్సిన మొదటి వింత దాని దూరమే. దాన్ని నేలమీద ప్రయాణించి చూడాలి.

ఆ రైల్లో పడక టిక్కెట్టు బాగా ఖరీదు. అంతా కుదరకపోతే జాస్పర్ నుంచి వాంకూవరు దాకా ఒక్క రాత్రి ప్రయాణం చాలు. 3,954 మీటర్ల రాబ్సన్ శిఖరం ఆ దారిలోనే ఉంది. జాస్పర్ నుంచి లేక్ లూయీస్‌కు సుమారు 230 కిలోమీటర్ల కొండ రోడ్డుంది. అందులో సగం దారిలో అథబాస్కా హిమనదం కనిపిస్తుంది. ఏ ఏడు మంచు ఎక్కడిదాకా ఉండేదో అక్కడ గుర్తులు పాతారు. గత 125 ఏళ్లలో అది ఒకటిన్నర కిలోమీటరుకు పైగా వెనక్కి పోయింది. ఆ గుర్తుల వెంట మనవళ్ల చెయ్యి పట్టుకుని నడవండి. మొరైన్ సరస్సుకు 2023 నుంచి సొంత కార్లను రానివ్వడం లేదు. బస్సు సీటు ముందే బుక్ చేయించుకోండి.

తూర్పున ఫండీ అఖాతం ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద ఆటుపోట్లు అక్కడివే, 16 మీటర్ల దాకా. హోప్‌వెల్ రాక్స్ దగ్గర పొద్దున సముద్రం అడుగున నడిచి, ఆరు గంటలాగి అదే చోటికి వస్తే తల మీద నాలుగు నిలువుల నీళ్లుంటాయి. చీరాల, మైపాడు అలలు చూసి పెరిగిన మనకు అది నమ్మశక్యం కాదు. ఉత్తరాన హడ్సన్ బే ఒడ్డున చర్చిల్ అనే చిన్న ఊరుంది. దానికి రోడ్డే లేదు. విన్నిపెగ్ నుంచి రైలో, విమానమో. అక్టోబరు, నవంబరుల్లో సముద్రం గడ్డకట్టడం కోసం తెల్ల ఎలుగుబంట్లు అక్కడ కాచుకుని ఉంటాయి. ఇది మాత్రం పిల్లల జేబుకు బరువే, చూసుకుని అడగండి.

నగరాల్లో క్యూబెక్ సిటీ చూడండి. 1608లో ఫ్రెంచివాళ్లు కట్టిన ఊరు, చుట్టూ కోటగోడ, వీధిలో అంతా ఫ్రెంచే. వాంకూవరు రేవులో కొమగాట మారు స్మారకం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 1914లో మన దేశానికి చెందిన 376 మంది ఆ ఓడలో రెండు నెలలు రేవులోనే ఉండిపోయారు. కొద్దిమందిని తప్ప ఎవరినీ దిగనివ్వలేదు. 2016లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. మన పిల్లలు ఇవాళ దర్జాగా దిగుతున్న నేల మీద ముందు వచ్చినవాళ్లకు ఏం జరిగిందో వాళ్లకూ తెలియాలి.

ఇక చివరి మాట. 'కెనడా' అన్న పేరు అక్కడి ఆదివాసుల మాట నుంచి వచ్చింది. దానికి 'ఊరు' అని అర్థం. అంత దేశానికి ఆ పేరెందుకా అనుకునేవాణ్ని. రైల్లో రెండు రోజులు మనిషి కనబడక, మూడో రోజు ఒక ఊరి దీపాలు కనిపించినప్పుడు అమ్మ ముఖం చూస్తే అర్థమైంది.

పెద్దలారా, మీరు పిల్లల దగ్గరకు వచ్చినప్పుడు "మాకేం వద్దు, మీరు బాగుంటే చాలు" అనకండి. ఫలానా రైలెక్కాలి, ఫలానా కొండ చూడాలి అని అడగండి. వాళ్లు "వచ్చేసారి" అంటే, నా సంగతి చెప్పండి.

మాస్టారూ, ఆ పటం మీద మీరు బెత్తం ఆనించిన చోటంతా అమ్మతో కలిసి ఒకసారి దాటి వచ్చాను. నాన్నతో దాటాల్సింది. సెలవు.