సీటు ఒక్కటే చాలదు
(పెద్ద కొడప్‌గల్‌లో చేసిన ప్రసంగ పాఠం)



మన వాడల పిల్లలు ఇయ్యాల బాన్సువాడ, నిజామాబాద్, హైదరాబాద్ పోయి చదువుతున్నరు. సీటు రాంగనే మన పని అయిపోయిందనుకుంటున్నం. కాలేదు. అంబేద్కర్ రాజ్యాంగం తలుపు తెరిచింది. లోపల కులం గోడలు ఇంకా కూలలేదు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సంగతి యాది చేసుకుందాం. 2015 డిసెంబర్‌లో అంబేద్కర్ విద్యార్థి సంఘానికి చెందిన అయిదుగురు పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి వెళ్లగొట్టాలని నిర్ణయించారు. వాళ్లు ఆరుబయట గుడారం వేసుకొని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టిన్రు. ఊరవతల మనకున్న వాడనే యూనివర్సిటీ నడుమ లేచింది! 2016 జనవరి 17న వాళ్లల్ల ఒకరైన రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నడు. ఏడు నెలల ఫెలోషిప్ 1,75,000 రూపాయలు తనకు రావాల్సి ఉన్నదని చివరి ఉత్తరంలో రాసి పోయిండు.

నిబంధనలు లేక జరిగిందా? కాదు. ప్రతి విద్యాసంస్థలో సమాన అవకాశాల సెల్, వివక్ష ఫిర్యాదులు వినే అధికారి ఉండాలని 2012లోనే యూజీసీ చెప్పింది. అవి అమలు కావడం లేదని రోహిత్ తల్లి రాధిక, ముంబైలో చనిపోయిన ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి ఆబేదా 2019లో సుప్రీంకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది.

అందుకే పిల్లను కాలేజీలో దింపి ఊకుండొద్దు. ఆ సెల్ ఏడుంది, అధికారి ఎవరు అని అడుగుదాం. మెస్సులో, మార్కుల్లో, స్కాలర్‌షిప్‌లో తేడా చేస్తే కాగితం మీద ఫిర్యాదు రాసిద్దాం, నకలు మీద ముద్ర వేయించుకుందాం. పిల్లను ఒంటరిగా పంపకుండ పదిమందిమి సంఘంగా పోదాం.

సీటు దయ కాదు, హక్కు. సీట్ల కూసున్నంక గౌరవం కూడా హక్కే. జై భీమ్!