పులి గెలవాలా, మేక గెలవాలా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరు కదా, వంతెనల గురించో యంత్రాల గురించో చెబుతాడని అనుకుని ఉంటారు. నేను మాత్రం ఈ బడికి పడ్డ ఒక పాత బాకీ గురించి చెబుతాను.

తొమ్మిదో తరగతిలో ఒక మధ్యాహ్నం వరండాలో చాక్‌పీసుతో గీసుకుని పులి-మేక ఆడుతున్నాం. లెక్కల సారు వచ్చారు. తిడతారనుకున్నాం. ఆయన పక్కనే గొంతుక్కూర్చుని, "ఇద్దరూ ఒక్క తప్పు కూడా చేయకుండా ఆడితే ఎవరు గెలవాలిరా?" అని అడిగారు. పులి అని నేను, మేక అని మావాడు. "అరిస్తే కాదు, రుజువు చెయ్యండి" అని లేచి వెళ్లిపోయారు. ఆ రుజువు నేను ఇవ్వలేదు. ఇప్పుడు ఇద్దామంటే సారు లేరు.

సారు అడిగిన ప్రశ్న చిన్నది కాదు. చదరంగం గురించి ప్రపంచమంతా అడుగుతున్నది అదే. 1913లో జెర్మెలో అనే జర్మన్ గణితవేత్త దీన్ని తర్కంతో పరిశీలించాడు. తప్పులేని ఆటలో ఫలితం ముందే నిర్ణయమై ఉంటుంది: తెల్లవాడి గెలుపు, లేదా నల్లవాడి గెలుపు, లేదా డ్రా. ఆ మూడింటిలో ఏదో మాత్రం ఇప్పటికీ రుజువు కాలేదు.

ఎందుకు కాలేదంటే లెక్క పెద్దది. చదరంగంలో రాగల స్థితులు సుమారు ఒకటి పక్కన 44 సున్నాలు. సెకనుకు కోటి కోట్ల స్థితులు చూసే యంత్రం పెట్టినా, విశ్వం వయసుకు రెండు లక్షల కోట్ల రెట్ల కాలం పడుతుంది. రాజులతో కలిపి ఏడు పావులే మిగిలిన స్థితులన్నిటినీ ఆటకట్టు నుంచి వెనక్కి లెక్కగట్టుకుంటూ 2012లో మాస్కోలో తేల్చారు. ఆట మొదలయ్యేది 32 పావులతో!

అలాగని అసాధ్యం అనను. చెకర్స్ ఆటలో స్థితులు 5 పక్కన 20 సున్నాలు. కెనడాలో జొనాథన్ షెఫర్ బృందం 1989లో మొదలుపెట్టి, అన్నిటినీ చూడకుండానే, అవసరమైన దారులు మాత్రం వెతికి 2007లో తేల్చింది: డ్రా. నేపాల్ వాళ్ల పులి-మేక, బాఘ్-చాల్, కూడా డ్రా అని 2009లో రుజువు ప్రచురితమైంది. చదరంగానికి అలాంటి అడ్డదారి దొరకవచ్చు. మన జీవితకాలంలో దొరుకుతుందని నేననుకోను.

మా అమ్మాయి పదమూడేళ్లకు చదరంగం మానేసింది. "ఫోనుకే అన్నీ తెలుసు, నేనెందుకు నాన్నా?" అంది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు మీ పిల్లలు లెక్కల గురించి, చదువు గురించి అదే మాట అంటున్నారు.

ఆలస్యంగా దొరికిన జవాబు చెబుతాను. ఫోను మనకంటే బాగా ఆడుతుంది, నిజమే. కానీ బాగా ఆడడం వేరు, రుజువు చేయడం వేరు. 1997లోనే డీప్ బ్లూ కాస్పరోవ్‌ను ఓడించింది. ఆ తర్వాత 27 ఏళ్లకు, 2024లో, మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 37 ఏళ్ల వయసులో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. యంత్రానికి తెలుసని ఆమె ఆట మానలేదు.

ఇక బాకీ సంగతి. మన పులి-మేకలో గళ్లు 23, పులులు 3, మేకలు 15. పులులు కూర్చునే తీర్లు 1,771. మిగిలిన 20 చోట్ల మేక ఉండడమో లేకపోవడమో: సుమారు పదిన్నర లక్షలు. రెండూ గుణిస్తే 186 కోట్లు. చేతిలో మిగిలిన మేకలు, వంతు ఎవరిది అన్నవి కలిపినా ఆరువేల కోట్లు దాటదు. ఇది ఒక మామూలు కంప్యూటరుకు అందే లెక్క.

నా కోరిక ఒకటే. బడిలో ఉన్న కంప్యూటర్ల మీద ఈ లెక్క పిల్లలే చేయాలి. ముందు నియమాలు రాసుకోవాలి. ఎన్ని మేకలు పోతే పులి గెలిచినట్టో ఇంట్లో తాతనూ అవ్వనూ అడగండి. తమిళం మాట్లాడే ఇంట్లో ఆడు పులి ఆట్టం అంటారు, కన్నడం ఇంట్లో ఆడు హులి ఆట అంటారు. మూడు భాషల కుప్పంలో అడగడానికి మనుషులు తక్కువా? ప్రోగ్రాం రాయడం నేర్పడానికి సెలవుల్లో నేను వస్తాను. నాతో ఇంకెవరు వస్తారో ఈ సభ అయ్యేలోగా చేయి ఎత్తండి.

పులి గెలిచినా, మేక గెలిచినా, డ్రా అయినా నాకు సమ్మతమే. సారు అడిగింది జవాబు కాదు, రుజువు.