చలికాలపు గుడ్డు, వచ్చే ఏటి పిల్ల

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"డి.ఎ. బకాయిల సంగతి మిగతా వక్తలు చూసుకుంటారు, మీరు ఇంటికి పనికొచ్చే ముక్క ఏదైనా చెప్పండి" అని కార్యదర్శి గారు ఆదేశించారు. నాకు తెలిసిన విద్యలు రెండే. ఒకటి ఫైలు నడపడం, రెండోది కోళ్లు పెంచడం. మొదటిది మీ అందరికీ వచ్చు కనుక రెండోదాని గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

నేను 1972లో తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. 1985లో మండలాలు వచ్చాక మండలం నుంచి మండలానికి తిరిగి, 2008లో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఆ నెలలోనే మా ఇంటావిడ తన ఆరు పెట్టల్నీ, ఒక పుంజునూ నాకు చార్జి అప్పగించింది. ఆఫీసు అలవాటు పోక ఒక రిజిస్టరు తెరిచాను. తేదీ, పెట్ట గుర్తు, పెట్టిన గుడ్లు, పొదగేసినవి, దిగిన పిల్లలు, బతికినవి, రిమార్కులు - ఇలా ఏడు కాలమ్‌లు. ఈరోజు చెప్పేది ఆ రిజిస్టరు నాకు నేర్పింది, మా ఇంటావిడ చెప్పింది, పశువైద్యశాల డాక్టర్ల దగ్గర అడిగి తెలుసుకున్నది.

పెట్ట గుడ్డు ఎందుకు ఆపుతుంది?

కార్తీకం దాటిందంటే మా వీధిలో వినపడే మాట ఒకటే: "పెట్టలు గుడ్డు మానేశాయి, ఊరికే తిని కూర్చుంటున్నాయి." చలికి మానేశాయనుకుంటారు. మన కోస్తా చలి కోడికి పెద్ద లెక్కలోది కాదు. దానికి ఈకల దుప్పటి ఒంటిమీదే ఉంది. తగ్గింది వెలుతురు. మన ప్రాంతంలో జూన్ నెలలో పగలు 13 గంటల పైన ఉంటుంది. డిసెంబరు మూడో వారానికి 11 గంటల పైచిలుకుకు దిగుతుంది. కోడి ఈ తేడాను కంటితోనే గాక, పుర్రెలోంచి మెదడుకు చేరే వెలుతురుతో కూడా గుర్తుపడుతుంది. పగలు తరుగుతున్న కొద్దీ దాని అండాశయం పని మందగిస్తుంది. అప్పుడే పాత ఈకలు రాలి కొత్తవి మొలుస్తాయి.

ఈక దాదాపు అంతా మాంసకృత్తులే. గుడ్డుకూ అవే కావాలి. రెండు ఖర్చులూ ఒకే పద్దులోంచి పెట్టలేక పెట్ట ఒకదాన్ని వాయిదా వేస్తుంది. బడ్జెట్ వ్యవహారం మనకు తెలియనిది కాదు గదా!

గుడ్డు తయారు కావడమంటే చిన్న పని కాదు. ఒక్కో గుడ్డుకు సుమారు 25 గంటలు పడుతుంది. అందులో 20 గంటల దాకా పెంకుకే పోతుంది. అందుకే ఇవాళ ఎనిమిదింటికి పెట్టిన పెట్ట రేపు తొమ్మిదింటికి, ఎల్లుండి పదింటికి పెడుతుంది. అలా జరిగి జరిగి మధ్యాహ్నం దాటాక ఒకరోజు నాగా పెడుతుంది. అది దాని క్యాజువల్ లీవు. చలికాలపు విరామం ఎర్న్‌డ్ లీవు అనుకోండి. రెండూ దాని హక్కులే.

విరామంలో ఉన్న పెట్టనూ, జబ్బుపడ్డ పెట్టనూ విడదీసి చూడడం నేర్చుకోవాలి. విరామంలో ఉన్నదానికి తురాయి చిన్నబోయి పాలిపోతుంది. మెడ మీద, రెక్కల మీద ముళ్లలాంటి కొత్త ఈకలు కనిపిస్తాయి. కానీ కళ్లు చురుగ్గా ఉంటాయి, మేతకు పరుగెత్తుకొస్తుంది. జబ్బుపడ్డది ముడుచుకుని మూల కూర్చుంటుంది, పచ్చగా పారుతుంది, నోరు తెరిచి ఊపిరి తీస్తుంది. ఇంకో పరీక్ష ఉంది. తోక కింద రెండు ఎముకల మధ్య రెండు మూడు వేళ్లు పడితే గుడ్డు మీద ఉన్నట్టు, ఒక వేలే పడితే విరామంలో ఉన్నట్టు.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, మా వీధి చివర పెంకుటింట్లో ఒక పెద్దమ్మ ఉంది. భర్త అటెండరుగా చేసి పోయాడు. ఫ్యామిలీ పెన్షన్ ఇంటి ఖర్చుకు సరిపోతుంది, గుడ్ల డబ్బు బి.పి. మాత్రలకు. ఒక ఏడు భోగికి ముందు కోళ్ల బేరగాడు వచ్చి, "గుడ్డు పెట్టని పెట్టలెందుకమ్మా మేత దండగ" అంటే నాలుగు పెట్టల్నీ ఇచ్చేసింది. పండగ గిరాకీలో అతను వాటిని ఎంతకు అమ్మాడో గాని, మాఘమాసం చివర ఆమె రెండు పెట్టలు కొనుక్కోడానికి ఆ నాలుగింటి డబ్బూ ఖర్చయింది. మాఘ ఫాల్గుణాల్లో పగలు పొడుగయ్యే కొద్దీ ఆ నాలుగూ వేరొకరి ఇంట గుడ్లకు వచ్చి ఉంటాయి. ఆ మధ్యలో రెండు నెలలు ఆమె మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుందని తర్వాత తెలిసింది. నెల పెన్షన్ మీద బతికేవాళ్లకు పది గుడ్లు చిన్న విషయం కాదు.

కనుక మొదటి మనవి: గుడ్డు ఆపిందని పుష్యంలో పెట్టను అమ్మకండి. ఆ రెండు నెలలూ దానికి నూకలూ తవుడుతో సరిపెట్టక, కాస్త వేరుశనగ చెక్క, ఎండు రొయ్యల పొట్టు, మునగాకు వేయండి. నత్తగుల్లలు దంచి ఒక చిప్పలో పెట్టండి. ఒక్కో గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల సున్నం ధాతువు ఉంటుంది. అది మేతలో దొరక్కపోతే తన ఎముకల్లోంచి తీసి పెడుతుంది.

దీపం పెట్టవచ్చునా?

పెట్టవచ్చు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వారు పెరటి పెంపకానికని రూపొందించిన కోళ్లున్నాయి. గుడ్డు కోసం గ్రామప్రియ, గుడ్డుకూ మాంసానికీ కలిపి వనరాజా. ఇలాంటివాటికి చలికాలంలో దీపం పనిచేస్తుంది. పగలూ దీపమూ కలిపి 14 గంటలు కావాలి. ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు చాలు. సాయంత్రం కంటె తెల్లవారుజామున వెలిగించడం మేలు. రాత్రి దీపం ఒక్కసారిగా ఆర్పితే కోళ్లు దండె ఎక్కలేక చీకట్లో కిందే ఉండిపోతాయి. వారానికో అరగంట చొప్పున ముందుకు జరుపుతూ మూడున్నరకు తీసుకురావాలి. ఆ వేళకు మనకెలాగూ మెలకువ వస్తుంది!

నాటు పెట్టకు దీపంతో ఒరిగేది తక్కువ. అది 12, 15 గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చునే జాతి. ఏడాదికి మూడు నాలుగు విడతలు పెడుతుంది. కానీ గ్రామప్రియకు లేని గుణం దానికుంది. గుడ్ల మీద కూర్చుంటుంది, పిల్లల్ని కాపాడుతుంది. అసలు సంగతి అక్కడే ఉంది.

చలికాలమే పొదుగుకు అదను

చలికాలంలో ముదురు పెట్ట ఆపినా, ఆ ఏడే మొదటిసారి గుడ్లకు వచ్చిన పడుచు పెట్ట సాధారణంగా ఆపదు. ఆ పడుచు పెట్ట ఎక్కణ్ణుంచి వస్తుంది? మాఘంలోనో ఫాల్గుణంలోనో పిల్లగా దిగింది ఆరేడు నెలలకు, అంటే వానాకాలం వెనకబట్టే వేళకు గుడ్లకు వస్తుంది. కనుక వచ్చే చలికాలంలో గుడ్డు కావాలంటే ఈ చలికాలం చివర పొదగేయాలి. నా రిజిస్టరు సారాంశమంతా ఈ ఒక్క వాక్యమే.

ఇంకో కారణం కూడా ఉంది. నిలవ ఉంచిన గుడ్డులో పిండం చల్లదనానికి నిద్రపోతుంది. వేసవిలో గది వేడికే కాస్త ఎదగడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి చచ్చిపోతుంది. అలాంటి గుడ్డు మురుగుతుంది. చలికాలంలో వారం రోజుల గుడ్లను కూడబెట్టి పొదగేసినా చెడవు. ఇసుక పోసిన కుండలో సన్న మొన కిందికి వచ్చేలా ఉంచాలి. కడగకూడదు, కడిగితే పెంకు మీది సన్నని పొర పోతుంది. మరీ పెద్దవి, మరీ చిన్నవి, పగులు ఉన్నవి ఏరేయాలి. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు ఉండాలి. గ్రామప్రియ గుడ్లను నాటు పెట్ట కింద పెడతామనేవారున్నారు. పిల్లలు దిగుతాయి గాని తల్లి గుణాలన్నీ రావు.

గంప అడుగున ఇసుక, కొంచెం బూడిద, పైన గడ్డి వేయండి. నాలుగు వేపాకులు వేస్తే పేలు తగ్గుతాయంటారు. ఉరుముకు గుడ్లు చెడకుండా ఇనుప మేకు, బొగ్గు ముక్క పెట్టే ఆచారమూ ఉంది. పెడితే నష్టం లేదు గాని, పిల్లలు దిగేది తల్లి వేడికి. వేసవిలో పెట్ట కింద 12 దాకా పెట్టేవారు చలికాలంలో తొమ్మిది పదికి మించకండి. రెక్కల కిందికి రాని గుడ్డు చల్లబడుతుంది. పెట్ట గుడ్లను తిప్పుతూ ఉంటుంది కనుక ఇవాళ అంచున చల్లబడ్డది రేపు లోపలికి పోయి, లోపలిది అంచుకు వస్తుంది. అలా ఒక గుడ్డు ఎక్కువైతే పోయేది ఒక గుడ్డుతో ఆగదు.

కూర్చోపెట్టడం చీకటి పడ్డాక చేయాలి. పెట్ట రోజుకోసారి దిగి మేసి, రెట్ట వేసి వస్తుంది. మేతా నీళ్లూ దగ్గర్లోనే ఉంచితే పావుగంటలో తిరిగి ఎక్కుతుంది. దూరం పోయి ఆలస్యం చేస్తే చలికాలంలో గుడ్లు తట్టుకోలేవు. ఏడో రోజో ఎనిమిదో రోజో చీకటి గదిలో టార్చిలైటు మీద గుడ్డు పెట్టి చూడండి. సాలెగూడులా ఎర్రని నరాలు కనిపిస్తే పిల్ల కడుతోంది. తేటగా ఉంటే అది వట్టి గుడ్డు, తీసేయండి. 18వ రోజు తర్వాత తాకవద్దు. 21వ రోజున దిగుతాయి. పెంకు పగిలి పిల్ల ఆలస్యం చేస్తోందని గోరుతో ఒలవకండి, నెత్తురు కారి చనిపోతుంది. దిగిన పిల్ల కడుపులో పచ్చసొన మిగిలి ఉంటుంది. రెండు రోజులు మేత లేకపోయినా దానికి ప్రాణభయం లేదు.

దిగాక మొదటి మూడు వారాలే గండం. మంచు ఆరేదాకా, అంటే ఎనిమిది దాటేదాకా తల్లినీ పిల్లల్నీ బయటకు వదలకండి. తడి నేల మీద గోనెపట్టా, దాని మీద పొడి ఊక వేయండి. తల్లి లేని పిల్లలకు మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి కావాలి. వారానికి ఐదేసి డిగ్రీలు తగ్గించాలి. ఒక జాగ్రత్త: ఎల్‌ఈడీ బల్బు వెలుతురిస్తుంది గాని పిల్లలు కాచుకునేంత వేడి ఇవ్వదు. పాతకాలపు ఫిలమెంటు బల్బు దొరికితే సరి. లేకుంటే వేడినీళ్ల సీసాకు గోనెగుడ్డ చుట్టి పెట్టెలో ఉంచి, రాత్రి రెండు మూడుసార్లు మార్చాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి గుంపుగా అరుస్తుంటే చలి. దూరంగా జరిగి నోరు తెరుస్తుంటే వేడి. పరుచుకుని నిద్రపోతే సరిగ్గా ఉన్నట్టు.

మన వంతు పని

ఇంత చేసినా ఒక్క రాత్రిలో గూడంతా ఖాళీ చేసేది కొక్కెర తెగులు. దానికి మందు లేదు, టీకా ఒకటే దారి. ఐదో రోజు నుంచి ఏడో రోజులోపు లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో వేయాలి. నాలుగో వారంలో మళ్లీ వేయాలి. ఎనిమిదో వారం దాటాక ఆర్.టూ.బి. సూది. ఇదంతా డాక్టరు సలహాతో చేయాలి.

చిక్కెక్కడంటే, టీకా సీసా కనీసం యాభై వంద కోళ్లకు సరిపడా వస్తుంది. మంచులో ఉంచాలి. కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న ఇల్లాలు ఒక్కర్తీ సీసా కొని ఏం చేస్తుంది? అందుకే వేయించరు. అందుకే పోతాయి.

మా వీధిలో ఈ పని నేను పెట్టుకున్నాను. ఇంటింటికీ వెళ్లి ఎవరింట ఎన్ని కోళ్లో, ఎన్ని రోజుల పిల్లలో పట్టిక రాశాను. పశువైద్యశాలకు ఒక అర్జీ రాసి, దాని కింద అందరి సంతకాలూ వేలిముద్రలూ పెట్టించాను. ఒక ఉదయం మా అరుగు మీద అన్ని గంపలూ దిగాయి. పెంకుటింటి పెద్దమ్మ కూడా తన రెండు పెట్టల్నీ, తొమ్మిది పిల్లల్నీ తెచ్చుకుంది. గంటన్నరలో పని ముగిసింది. పట్టిక వేయడం, అర్జీ రాయడం, వెంటబడి పని పూర్తి చేయించడం ముప్ఫై ఏళ్లు చేసిన వాళ్లం మనం. ప్రతి వీధికీ ఒక పెన్షనరు ఈ పని తలకెత్తుకుంటే చాలు.

ఇంకొక్క హెచ్చరిక. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. కోళ్లు ఒక్కసారిగా కుప్పలుగా పోతే అది కొక్కెర తెగులేనని మనమే తేల్చుకోకూడదు. చచ్చిన కోడిని ముట్టుకోకండి, కోసుకోకండి, కాలవలో వేయకండి. పశువైద్యశాలకు వెంటనే కబురు చేయండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. బాగా ఉడికిన గుడ్డుకు భయం లేదు.

మిత్రులు కొందరు "ఈ వయసులో వచ్చే ఏటి గుడ్ల కోసం ఇప్పుడు పొదగేయడమెందుకండీ" అంటారు. ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే మనకు ఆ అనుమానం సహజమే. మనం తిన్నా, మనవలు తిన్నా, పక్కింటివారు తిన్నా పిల్ల మాత్రం 21 రోజులకు దిగుతుంది. కనుక ఈ మాఘంలో పొదుగు పెట్ట ఉన్న ప్రతి ఇంటా ఒక గంప వేయవలసిందిగా, మీ మీ వీధుల కోళ్ల పట్టికను నెలాఖరులోగా కార్యదర్శి గారికి అందజేయవలసిందిగా కోరుతున్నాను. పట్టికకు ఏడు కాలమ్‌లు చాలు. నమూనా నా దగ్గర ఉంది, కావలసినవారు తీసుకోవచ్చు.