పెద్దల గొంతు దాచడానికి ఏ హార్డ్ డ్రైవ్ కొనాలి?



మైకు పట్టుకుంటే నేను భూమి గురించో, జీవోల గురించో మాట్లాడతానని మీరు అనుకుంటారు. ఈ రోజు అరచేతిలో పట్టే ఒక చిన్న డబ్బా గురించి మాట్లాడతా. అదే ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవ్.

ఇప్పుడు మన గూడేల్లో చాలామంది యువత పెద్దవాళ్లను రికార్డు చేస్తున్నారు. పర్ధాన్‌లు కిక్రి వాయిస్తూ చెప్పే కథలు, కోయ డోలీలు పడిగె పట్టుకొని చెప్పే వంశ చరిత్రలు, కొలామి పాటలు, కువి సామెతలు, సవర పెళ్లి పాటలు, ఊరి చుట్టూ ఉన్న గుట్టల పేర్లు, వాగుల పేర్లు. మంచి పని. అయితే రికార్డు చేయడంలో ఉన్న పట్టుదల దాన్ని దాచడంలో కనబడటం లేదు. ఒకరి ఫోన్‌లో కొంత, ఒకరి పెన్‌డ్రైవ్‌లో కొంత, మిగతాది వాట్సాప్ గ్రూపులో. "అన్నా, ఏ డ్రైవ్ కొనాలి? ఏది పాడవ్వదు?" అని అడుగుతున్నవాళ్లందరికీ ఇక్కడే జవాబు చెప్తున్నా.

ముందు మన ముందున్న నష్టం ఏంటో చూడండి. హైమన్‌డార్ఫ్ 1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య తిరిగి తీసిన ఫిల్ములు, ఫొటోలు లండన్‌లోని సోయాస్‌లో ఈ రోజుకీ భద్రంగా ఉన్నాయి. ఆయన ఉన్న మార్లవాయి ఊరే గుస్సాడీ కనకరాజు గారి ఊరు. 2021లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2024 అక్టోబర్‌లో మనల్ని విడిచి వెళ్లిపోయారు. అట్లాంటి పెద్దలు ఇంకా ప్రతి గూడెంలో ఉన్నారు. వాళ్లకు ఏ అవార్డూ రాలేదు, వాళ్లను ఏ టీవీ తీయలేదు. వాళ్ల గొంతు ఉన్నది మీ ఫోన్‌లో మాత్రమే.

అండమాన్‌లో బోవా సీనియర్ అనే అవ్వ 2010 జనవరిలో చనిపోయింది. బో భాష మాట్లాడే చివరి మనిషి ఆమే. అన్వితా అబ్బి అనే భాషా శాస్త్రవేత్త ఆ అవ్వతో కూర్చొని రికార్డు చేసి దాచబట్టి, ఆ భాష ఎట్లా ఉండేదో ఇప్పుడు వినగలుగుతున్నాం.

ఇంకో సంగతి. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వది సాక్ష్యాల గురించి. క్లెయిమ్ పెట్టినవాళ్లు కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాటను రాతలో పెట్టి సాక్ష్యంగా ఇవ్వొచ్చని అందులో ఉంది. తాత ఆ గుట్ట గురించి, ఆ పాత ఊరి గురించి చెప్పిన మాట మీ దగ్గర స్పష్టంగా ఉంటే, దాన్ని విని రాసుకొని, చదివి వినిపించి, ఆయన ఉండగానే వేలిముద్ర వేయించొచ్చు. కాబట్టి ఈ రికార్డింగులను కేవలం పాటలుగా చూడొద్దు.

సరే, ఎంత పెద్ద డ్రైవ్ కావాలి? లెక్క వేద్దాం. మంచి రికార్డింగ్ అంటే వావ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ధ్వని ఆర్కైవుల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌ఏ కూడా పాత టేపులను డిజిటల్‌లోకి మార్చేటప్పుడు కనీసం ఇంత ఉండాలంటుంది. ఈ లెక్కన స్టీరియోలో నిమిషానికి సుమారు 17 ఎంబీ, గంటకు దాదాపు 1 జీబీ అవుతుంది. మోనోలో అందులో సగం. 1 టీబీ డ్రైవ్‌ను కంప్యూటర్‌కు పెడితే 931 జీబీ అనే చూపిస్తుంది. మోసం అనుకోకండి, కంపెనీ లెక్కపెట్టే పద్ధతి వేరు, విండోస్ లెక్కపెట్టే పద్ధతి వేరు. అయినా అందులో 900 గంటలకు పైగా పడుతుంది. నెలకు 10 గంటలు రికార్డు చేసే బృందానికి ఏడాదికి కావాల్సింది 120 జీబీ చిల్లర.

అంటే మన పనికి 4 టీబీ, 5 టీబీ అక్కర్లేదు. వీడియో తీసేవాళ్ల సంగతి వేరు. ఆడియో చిన్నది. ఆ డబ్బుతో ఒక పెద్ద డ్రైవ్ బదులు రెండు చిన్న డ్రైవులు కొనండి. నేను చెప్పదల్చుకున్న అసలు మాట ఇదే: పాడవ్వని డ్రైవ్ ఏ కంపెనీ దగ్గరా లేదు.

బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా కంపెనీ లక్షల డ్రైవులు నడుపుతుంది. ఎన్ని పాడయ్యాయో బయటికి లెక్క చెప్తుంది. అక్కడ ఏసీ గదిలో, కదలకుండా ఉన్న డ్రైవుల్లోనే ఏడాదికి నూటికి ఒకటి రెండు పోతున్నాయి. మన డ్రైవ్ బండి మీద ఘాట్ రోడ్డు ఎక్కుతుంది, ఎండలో వానలో తిరుగుతుంది. మీ ఒక్క డ్రైవ్ ఆ ఒకటి రెండులో ఉండదని ఎవరు హామీ ఇస్తారు? వారంటీ కార్డు చూసి ధైర్యపడకండి. వారంటీలో కొత్త డ్రైవ్ ఇస్తారు. పోయిన అవ్వ పాటను తెచ్చి ఇవ్వరు.

ఇప్పుడు రకాలు. హెచ్‌డీడీ అంటే లోపల పళ్లెం గిర్రున తిరుగుతుంది, దాని మీద వెంట్రుకవాసి ఎత్తులో ఒక సూదిలాంటిది కదులుతుంది. తిరుగుతున్నప్పుడు కిందపడిందంటే చాలాసార్లు అంతే సంగతులు. ఎస్ఎస్‌డీలో తిరిగేది ఏమీ లేదు. కుదుపులు తట్టుకుంటుంది, వేగం ఎక్కువ, చప్పుడు ఉండదు, ధర మాత్రం ఎక్కువ. అయితే ఎస్ఎస్‌డీని కరెంటు ఇవ్వకుండా ఏళ్ల తరబడి పెట్టెలో పడేస్తే డేటా చెరిగిపోయే ప్రమాదం ఉంది.

అందుకని పంచుకోండి: ఊరూరా తిరిగేది ఎస్ఎస్‌డీ, ఇంట్లో కదలకుండా ఉండేది హెచ్‌డీడీ. 500 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి, 1 టీబీ హెచ్‌డీడీ ఒకటి ఉంటే చాలా ఏళ్లు నడుస్తుంది. డబ్బు సరిపోకపోతే రెండూ హెచ్‌డీడీలే కొనండి, వేర్వేరు కంపెనీలవి. ఒకే రకం రెండు కొంటే ఒకే లోపం రెండింటిలో ఉండొచ్చు.

కొనేటప్పుడు ఇవి చూడండి:

ఒకటి, యూఎస్‌బీ కేబుల్ మీదే నడిచే 2.5 అంగుళాల పోర్టబుల్ డ్రైవ్ తీసుకోండి. 3.5 అంగుళాల పెద్ద డ్రైవ్‌కు వేరే అడాప్టర్ కావాలి. కాపీ మధ్యలో కరెంటు పోతే అది ఆగిపోతుంది. మన ఊళ్ల కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు.

రెండు, యూఎస్‌బీ 3.0 లేదా ఆపైది తీసుకోండి. 10 జీబీ కాపీ చేయడానికి పాత 2.0లో ఐదారు నిమిషాలు పడితే, 3.0 హెచ్‌డీడీలో రెండు నిమిషాల్లోపే అవుతుంది.

మూడు, పోర్టు గట్టిగా ఉందో లేదో చూడండి. హెచ్‌డీడీల్లో వెడల్పుగా ఉండే మైక్రో-బి పోర్టు త్వరగా వదులవుతుంది. కొన్ని మోడళ్లలో ఆ పోర్టు నేరుగా డ్రైవ్ బోర్డుకే అతికి ఉంటుంది. అది విరిగితే డేటా బయటికి తీయడం చాలా కష్టం. టైప్-సి దొరికితే మంచిది. ఇంకో కేబుల్ ఎక్స్‌ట్రా ఉంచుకోండి.

నాలుగు, నకిలీల జోలికి పోకండి. వెయ్యి రూపాయలకే 2 టీబీ, 16 టీబీ అని అమ్ముతుంటారు. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, కంప్యూటర్‌కు పెద్ద అంకె చూపించేలా చేస్తారు. ఫైళ్లు ఎక్కినట్టే కనబడతాయి, తర్వాత తెరిస్తే ఉండవు. బిల్లు ఇచ్చే షాపులో, సీలు ఉన్నది కొనండి. సీరియల్ నంబర్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

ఐదు, కొన్న రోజే పరీక్షించండి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ డ్రైవ్ మొత్తం నింపి, తిరిగి చదివి, నిజంగా అంత చోటు ఉందో లేదో చెప్తుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనేది డ్రైవ్ ఆరోగ్యం చూపిస్తుంది. మూడు నెలలకోసారి అది తెరిచి చూడండి. పసుపు రంగులో హెచ్చరిక కనబడితే ఆ రోజే వేరే డ్రైవ్‌లోకి ఎక్కించండి, రేపు అనొద్దు.

ఆరు, ఫార్మాట్. విండోస్, మ్యాక్ రెండింటిలో వాడాలంటే ఎక్స్‌ఫ్యాట్. విండోస్ ఒక్కటే అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ మేలు, మధ్యలో కేబుల్ ఊడినా కాస్త తట్టుకుంటుంది. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు పట్టదు.

డ్రైవ్ వచ్చింది కదా అని పని అయిపోలేదు. నేరుగా డ్రైవ్‌లోకి రికార్డు చేయకండి. రికార్డర్ మెమరీ కార్డులోకి తీసి, ఆ సాయంత్రమే లాప్‌టాప్ నుంచి రెండు డ్రైవుల్లోకీ ఎక్కించండి. ఫైళ్ల సంఖ్య, సైజు సరిపోల్చండి. మొదట్లో, మధ్యలో, చివర్లో కాసేపు వినండి. రెండు చోట్లా విన్నాకే కార్డు ఖాళీ చేయండి. 'సేఫ్లీ రిమూవ్' నొక్కకుండా కేబుల్ పీకొద్దు. హెచ్‌డీడీని డోలు పక్కన, స్పీకర్ ఉన్న బల్ల మీద పెట్టి నడపొద్దు, ఆ అదురు దానికి మంచిది కాదు. మైకు దగ్గర పెడితే దాని గుయ్‌మనే చప్పుడు రికార్డింగులోకి వస్తుంది. బండి మీద పోయేటప్పుడు డ్రైవ్‌ను డిక్కీలో వేయకండి. గుడ్డలో చుట్టి వీపు సంచిలో పెట్టుకోండి. వానాకాలం మూత గట్టిగా పట్టే డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. నాలుగైదేళ్లకు బాగున్నా సరే కొత్త డ్రైవ్‌లోకి మార్చండి.

వాట్సాప్‌ను దాచే చోటు అనుకోకండి. వాయిస్ మెసేజ్‌గా పంపితే ధ్వనిని బాగా కుదిస్తుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి.

ప్రపంచమంతా పాటించే పద్ధతి ఒకటుంది: మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే చోట. మనకు అది ఇట్లా కుదురుతుంది. ఒక డ్రైవ్ మీ దగ్గర. ఇంకొకటి వేరే ఊళ్లో, మీరు నమ్మే అక్క దగ్గరో, బాబాయి దగ్గరో. రెండు డ్రైవులూ ఒకే ఇంట్లో ఒకే సంచిలో ఉంటే అగ్గి అంటుకున్నా, వరద వచ్చినా రెండూ పోతాయి. గోదావరి వరదలు చూసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. మూడోది, నెట్‌వర్క్ దొరికినప్పుడు క్లౌడ్‌లో. అయితే అన్నీ క్లౌడ్‌లో పెట్టాల్సినవి కావు.

ఎందుకంటే కొన్ని పాటలు దేవర దగ్గరే పాడాలి, కొన్ని కథలు ఆ గోత్రంవాళ్లే వినాలి. మందు చెట్ల సంగతి బయట పడితే వ్యాపారం చేసుకునేవాళ్లు ఉన్నారు. అందుకని రికార్డింగ్ మొదట్లోనే, పెద్దాయన సొంత భాషలో అడగండి: "తాతా, ఇది ఎవరు వినొచ్చు? ఎవరు వినకూడదు?" ఆయన జవాబు కూడా ఆ ఫైలులోనే ఉండాలి. తేదీ, ఊరు, భాష, చెప్పినవాళ్ల పేరు, ఎవరు వినొచ్చో ఒక నోటుబుక్కులో రాయండి, దాని ఫొటో డ్రైవ్‌లో పెట్టండి. ఫైలు పేరు 'న్యూ రికార్డింగ్ 47' అని వదిలేస్తే పదేళ్ల తర్వాత అది ఎవరి గొంతో మీకే గుర్తుండదు. డ్రైవ్‌కు పాస్‌వర్డ్ పెడితే ఊళ్లో ఇంకో ఇద్దరికి తెలిసి ఉండాలి. మీరు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోతే డ్రైవ్ మీతో పోకూడదు. అది ఊరిది. ఎవరి దగ్గర ఉండాలో గ్రామసభలోనే అనుకోండి.

పెళ్లిళ్ల సీజన్‌లో డీజేకు పెట్టే ఖర్చులో కొంచెం పక్కన పెడితే ఊరికి రెండు డ్రైవులు వస్తాయి. పదిమంది చందా వేసుకున్నా వస్తాయి. కొనేదాకా ఆగకండి. ఈ రోజు ఇంటికి పోయాక ఫోన్‌లో ఉన్న రికార్డింగులన్నీ ఒక్కచోట చేర్చండి, ఎన్ని గంటలు ఉన్నాయో లెక్కపెట్టండి, కనీసం ఇంకొకరి లాప్‌టాప్‌లోకి ఒక కాపీ ఎక్కించండి. ఆ తర్వాత డ్రైవ్ సంగతి చూద్దాం.

జై ఆదివాసీ! మన పెద్దలకు జోహార్!