మహిమయు ప్రమాణమును
(ఒక సభయందు చేసిన ఉపన్యాసము)



మతమునుగూర్చి మాటాడబూనువాడు మొదట తన నాలుకను, పిదప తన తక్కెడను సరిచూచుకొనవలెను. నేడు మేము విచారింపదలచిన విషయము ఇస్లాము మతమున చెప్పబడు మహిమలు. ఈ మాట చెవినిబడగానే కొందరు ముస్లిము సోదరులు "ఇది మాపై దండయాత్ర" యని శంకింపవచ్చును. కొందరు హిందూ సోదరులు "నేడు పొరుగింటి లోపములు విందము గదా" యని లోలోన సంతసింపవచ్చును. ఈ ఇరుతెగలవారికిని నిరాశ కలిగించుటకే మేమిచట నిలిచితిమి. ఒకని దేవుని నిందించుట మా పని కాదు. ఏ ఇంటి సరకైనను ఒకే తక్కెడలో తూచుట మా పని.

ముస్లిము శాస్త్రకారులు మహిమలను రెండు విధములుగా విభజించిరి. ప్రవక్తలవలన జరిగినవానిని ముఅజిజా లనియు, వలీలవలన జరిగినవానిని కరామత్తు లనియు వారు వ్యవహరింతురు. మొదటివి గ్రంథములలో నున్నవి. రెండవవి నేటికిని దర్గాలయొద్ద, జాతరలయందు మనకండ్లయెదుట జరుగుచున్నవని చెప్పబడుచున్నవి. రెంటిని వేరువేరుగ పరిశీలింతము.

మొదట ప్రవక్త జీవితమునుండియే యొక వృత్తాంతము. మహమ్మదు ప్రవక్తకు మారియాయందు జన్మించిన ఇబ్రాహీమను శిశువు రెండేండ్లైనను నిండకమునుపే మరణించెను. ఆ దినముననే సూర్యగ్రహణము సంభవించెను. క్రీ.శ. 632 జనవరి 27 నాటి గ్రహణమే యిదియని ఖగోళ గణితజ్ఞులు గుర్తించియున్నారు. ప్రవక్త కుమారుని మృతికి సూర్యుడు సైతము దుఃఖించెనని మదీనాలో జనులు చెప్పుకొనసాగిరి. మతస్థాపకుడైనవానికి ఇంతకంటె అనుకూలమైన ఘడియ యేది? పుత్రశోకమున నున్న తండ్రి మౌనము వహించినను చాలును. లోకము మహిమను తానే కట్టిపెట్టియుండును. ఆయన మౌనము వహింపలేదు. సూర్యచంద్రులకు ఎవ్వని చావువలనగాని పుట్టుకవలనగాని గ్రహణము పట్టదని ప్రజలకు స్పష్టముగ బోధించెను. ఈ సంగతిని వ్రాసియుంచినవారు ఇస్లాముకు విరోధులు కారు. బుఖారీ మున్నగు ప్రామాణిక హదీసు సంగ్రహకర్తలే. అబద్ధపు మహిమను త్రోసివేయుట అవిశ్వాసమని యెవరైన నన్నచో, వారికి మేము చూపదగిన మొదటి సాక్ష్య మిదియే.

ఖురాను సంగతియు చూడుడు. పదునేడవ అధ్యాయమున మక్కావాసులు ప్రవక్తను నిలదీసి యడిగిన కోరికల పట్టిక కలదు: నేలనుండి ఊట పుట్టింపుమనిరి, ఖర్జూరముల ద్రాక్షల తోట చూపుమనిరి, బంగారు ఇల్లు కావలెననిరి, ఆకాశమునకెక్కి గ్రంథము తెమ్మనిరి. తాను దూతగా పంపబడిన మనుష్యుడనే యనుటయే అందుకు చెప్పవలసిన ప్రత్యుత్తరమని ఆ గ్రంథము విధించుచున్నది. ఇరువదితొమ్మిదవ అధ్యాయమున మరల అట్టి ప్రశ్నయే వచ్చినప్పుడు, సూచనలు దేవునియొద్ద నున్నవనియు, తాను హెచ్చరించువాడను మాత్రమే యనియు, గ్రంథము చాలదా యనియు సమాధానము. పూర్వ ప్రవక్తల మహిమలను ఖురాను చెప్పుచున్నది, నిజమే. గ్రంథమే తమ ప్రవక్తకు ప్రధానమైన మహిమయని ముస్లిము పండితుల మతము. అది విశ్వాసమునకును, భాషాసౌందర్యమునకును సంబంధించిన తీర్పు గనుక తక్కెడలో తూచదగినది కాదు. దానిని మేము తాకము.

మరి వ్రేళ్లనుండి నీరు వెల్లువలైనదను కథయు, ఖర్జూరపు మొద్దు విలపించినదను కథయు, కొద్దిపాటి భోజనము పెక్కుమందికి చాలినదను కథయు ఎచ్చటివి? అవి హదీసులలోనివి. ప్రవక్త నిర్యాణము 632 లో. బుఖారీ మరణము 870 లో. నడుమ రెండువందల ఏండ్లకు మించిన కాలము గడచినది. అటుపిమ్మట పదునొకండవ శతాబ్దిలో అబూ నుఐమ్, బైహకీ అనువారలు ప్రవక్తృత్వ నిదర్శనములపై ప్రత్యేక గ్రంథములనే రచించిరి. హదీసు పండితులు చెప్పినవాని పేరు, వాని గురువు పేరు, వాని నడవడి, వాని జ్ఞాపకశక్తి యన్నిటిని పరీక్షించి వేలకొలది వార్తలను త్రోసివేసిరి. కల్పిత వార్తలు అధికముగా ప్రచారమందుండెనని యెరిగినందుననే గదా వారింత శ్రమపడిరి! సందేహమనునది పాశ్చాత్యులు తెచ్చిపెట్టిన సరకు కాదు. ఇస్లాము విద్యాలయములలోనే పుట్టిపెరిగినది.

ఇక చంద్రుడు చీలెనను మాట. ఖురానులోని ఏబదినాల్గవ అధ్యాయారంభమున ప్రళయ ఘడియ సమీపించుటయు, చంద్రుడు చీలుటయు చెప్పబడినవి. అది మక్కాలో నిజముగ జరిగెనని అధికసంఖ్యాకులైన వ్యాఖ్యాతల మతము. ప్రళయకాలమున జరుగబోవునదని కొందరి మతము. తొమ్మిదవ శతాబ్దిలో బస్రా నగరమున ఖ్యాతిగాంచిన ముఅతజిలీ తార్కికుడు నజ్జాము దీనిని నిరాకరించెను. చంద్రుడు ఒక్క ఊరివారికే కనబడు దీపము కాడుగదా. నిజముగ చీలినయెడల లోకమంతయు చూచి, ఆ సంవత్సరమునుబట్టి కాలము లెక్కించియుండునని యాతని వాదము. ఈ వాదమునకు మమ్ము తృప్తిపరచు సమాధానము నేటికిని రాలేదు. 1054 లో ఆకాశమున వెలసిన క్రొత్త నక్షత్రమును సైతము తేదీతో వ్రాసియుంచిన చైనావారి గ్రంథములలో చీలిన చంద్రుని ప్రస్తావన లేదు.

మలయాళదేశపు రాజు చేరమాన్ పెరుమాళ్ దానిని చూచి, మక్కాకు పోయి, మతము మార్చుకొనెనను కథ మనదేశమున ప్రసిద్ధము. అయితే పదునారవ శతాబ్దిలో పొన్నానివాస్తవ్యుడైన జైనుద్దీన్ మఖ్దూము తన చరిత్రగ్రంథమున ఆ కథ ప్రవక్త కాలమునాటిదను మాటను అంగీకరింపలేదు. పోర్చుగీసువారితో పోరాడుడని తన మతస్థులను ప్రబోధించిన భక్తుడాతడు. అట్టివాడే చరిత్రను కథనుండి వేరుచేయుటకు జంకలేదు. నేడు 1969 లో అపోలో వ్యోమనౌకనుండి తీసిన ఛాయాచిత్రమును చూపి, "ఇదిగో చీలిక" యనువారు కలరు. ఆ పల్లము పేరు రీమా అరియడేయస్. దాని పొడవు సుమారు 300 కిలోమీటరులు. చంద్రుని చుట్టుకొలత సుమారు 10,900 కిలోమీటరులు. ముప్పదియారవ వంతైనను చుట్టిరాని గాడి గోళమును రెండుగా చీల్చిన గుర్తెట్లగును? అది చంద్రతలము సాగి క్రుంగుటవలన నేర్పడిన పల్లమని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

"దేవుడు సర్వశక్తుడు గదా, నిప్పు కాల్చుటయు, కాల్పకుండుటయు ఆతని ఇచ్ఛయే గదా" యని ఆక్షేపణము రావచ్చును. ఈ వాదమును గొప్పగా నిలిపినవాడు గజాలీ. ఆయన మహాపండితుడు, ఆ వాదమును మేము తృణీకరింపము. కాని శక్తి గలదనుట వేరు, జరిగినదనుట వేరు. దేవుడు చేయగలడని యొప్పుకొన్నను, చేసెనని చెప్పువాడు సాక్ష్యము చూపవలసియే యుండును. మన తార్కికులును శబ్దము ప్రమాణమగుటకు చెప్పినవాడు ఆప్తుడై యుండవలెనని నియమించిరి. వినికిడి మాత్రమే యున్నచోట సర్వశక్తిత్వము సాక్షిగా నిలువనేరదు.

ఇప్పుడు కరామత్తులకు వత్తము. పూణె నగరమునుండి సతారాకు పోవు మార్గమున శివాపురము కలదు. అచ్చట కమర్ అలీ దర్వేషు దర్గా ముంగిట నొక గుండు. పదునొకండుగురు పురుషులు తమ చూపుడువ్రేళ్లను దానిక్రింద నుంచి, దర్వేషు నామమును గట్టిగ ఉచ్చరించినచో అది పైకి లేచునని ప్రతీతి. గుండు సుమారు 90 కిలోగ్రాములని చెప్పుదురు. పదునొకండుగురికి పంచినచో ఒక్కొక్కరికి ఎనిమిది కిలోలకు కొంచె మెక్కువ. అందరును ఒకే క్షణమున బలము చూపినచో అది లేచుటలో వింతలేదు; ఆ క్షణమును కుదుర్చునదే నామోచ్చారణము. ఓడరేవులలో కూలీలు బరువెత్తునపుడు పాడు పాట చేయుపనియు నిదియే. అచ్చట హిందువులును ముస్లిములును కలసి వ్రేళ్లుంచుదురు. అదియే మాకు నిజమైన మహిమగా తోచుచున్నది.

మన తెలుగు పల్లెలలో పీర్ల పండుగనాడు నిప్పుల గుండమున నడచుట మీరందరును చూచినదే. అందు ముస్లిముల సరసన హిందువులును నడతురు. అమ్మవారి జాతరలయందును అట్టి నడకయే కలదు. మరి కాళ్లు కాలకుండ కాచినది పీరా, అమ్మవారా? 1935 సెప్టెంబరులో ఇంగ్లాండునందు కాశ్మీరదేశీయుడైన ఖుదాబఖ్షు పరీక్షకుల యెదుట నిప్పులపై నడచెను. నిప్పుల పైభాగమున 430 సెంటిగ్రేడు డిగ్రీల వేడి యుండెను. పరీక్ష నడపిన హ్యారీ ప్రైసు ఇందు మంత్రము లేదని తేల్చెను. కట్టెబొగ్గు వేడిని మెల్లగ వదలును. అడుగు దానిని సోకునది క్షణకాలము. కావున కాలు కాలకమున్నే అడుగు లేచును. అదే వేడిగల ఇనుపరేకుపై నడువ నెవ్వడును సాహసింపడు. విజయవాడ నాస్తిక కేంద్రమువారు ఏ దేవుని పేరును తలపకయే నిప్పులపై నడచి చూపిరి. భక్తునికిని నాస్తికునికిని ఒకేవిధముగ లొంగు నిప్పు ఏ మతమునకును సాక్ష్యము పలుకదు.

ఇంతవరకు చెప్పినవి వినోదమాత్రములని యనుకొందురేమో! 2006 ఆగస్టులో బొంబాయి మాహిము కయ్యలో సముద్రజలము తియ్యనైనదని వదంతి పుట్టెను. మఖ్దూము అలీ మాహిమీ వలీ కరుణయే యిదియని కొందరనిరి. రాత్రికి రాత్రి జనులు గుంపులుగా వచ్చి, తాము త్రాగి, బిడ్డలచే త్రాగించి, సీసాలలో నింపుకొని పోయిరి. ఆ కయ్యలో కలియునది మీఠీనది; అది నగరపు మురుగును, కర్మాగారముల మలినమును మోసికొనివచ్చును. వర్షకాలపు మంచినీరు అధికముగ కలియుటచే ఉప్పు తగ్గియుండునని శాస్త్రజ్ఞులు తెలిపిరి. త్రాగవలదని అధికారులు హెచ్చరించిరి. ఉప్పు తగ్గినంతమాత్రమున విషము తగ్గునా? మహిమను నమ్మిన తల్లి తన చేతితోనే బిడ్డకు మురుగునీరు పోసెను. ఇదియే మా భయము. ఇందులకే మా యుపన్యాసము.

హిందూ సోదరులు నవ్వబోవుచున్నారేమో, ఒక్క క్షణ మాగవలెను. ఆ వారముననే ఉత్తరహిందూస్థానమున విగ్రహములు పాలు త్రాగుచున్నవని దేవాలయములయొద్ద బారులు తీరినవారెవరు? 1995 సెప్టెంబరు 21 న దేశమెల్ల గణపతికి చెంచాలతో పాలుపట్టినవారెవరు? పాలు విగ్రహమునంటి క్రిందికి జారుచున్నవని శాస్త్రజ్ఞులు పాలలో రంగు కలిపి చూపవలసి వచ్చెను. గ్రంథముల విషయమునను ఇట్లే. 1976 లో ఫ్రెంచి వైద్యుడు మారిస్ బుకాయి, ఆధునిక శాస్త్రసత్యములు ఖురానులో ముందే కలవను గ్రంథము ప్రకటింపగా పలువురు సంతోషించిరి. పాకిస్థాను భౌతికశాస్త్రజ్ఞుడు పర్వేజ్ హూద్‌భాయ్ అట్టి వాదమును తీవ్రముగ ఖండించెను. మనలో వైమానికశాస్త్రమని మురిసినవారును కలరు. 1974 లో బెంగుళూరు విజ్ఞానసంస్థ పండితులు దానిని పరిశీలించి, ఆ యంత్రములు ఎగురజాలవనియు, గ్రంథము 1904 కు పూర్వపుది కాదనియు తేల్చిరి. శాస్త్రజ్ఞుడు కనుగొన్నపిదప శ్లోకములో, వాక్యములో దానిని వెదకి చూపువారు వేలు. ముందుగ వాక్యమును చదివి క్రొత్త సత్యమును కనుగొన్నవానిని ఒక్కని చూపుడు!

అలీగఢమున 1875 లో విద్యాలయమును స్థాపించిన సర్ సయ్యదు అహమ్మదు ఖాను, దేవుని సృష్టికిని దేవుని వాక్కునకును విరోధముండజాలదని నమ్మి, మహిమలను ప్రకృతిధర్మానుసారముగ వ్యాఖ్యానించెను. ఆయనను "నేచరీ" యని నిందించిరి. అయినను ఆయన తన మతమును విడువలేదు, తన మాటను విడువలేదు. తరువాతి కాలమున సందేహించినవారికి నిందతో సరిపోలేదు. 2013 ఆగస్టు 20 న పూణెలో నరేంద్ర దాభోల్కరును, 2015 ఫిబ్రవరి 26 న ఢాకాలో అభిజిత్ రాయిని హత్యగావించిరి. ఒకరు హిందువులనడుమ, మరొకరు ముస్లిములనడుమ ప్రశ్నించినవారు. ప్రశ్నకు ఉత్తరము లేనివాడే ఆయుధమునెత్తును. ఈ విషయమున మాత్రము ఉభయమతోన్మాదులు సహోదరులు.

మన రాజ్యాంగమున 1976 లో చేర్చబడిన ప్రాథమిక విధులలో శాస్త్రీయ దృష్టిని, మానవత్వమును, విచారణబుద్ధిని పెంపొందించుట యొకటి. అది హిందువునకు వేరు, ముస్లిమునకు వేరు కాదు. స్వరాజ్యమనగా పరుల యేలుబడి పోవుటయొక్కటే కాదు. వదంతికి, భయమునకు, వంచకునకు మన బుద్ధిని తాకట్టుపెట్టకుండుటయు. ప్రతివాడు ముందు తన ఇంటి మహిమను తూచుకొని, పిదప పొరుగింటికి పోవుగాక! అట్లు పోవునపుడు పరిహాసముతో గాక, ఆ యింటనే పుట్టిన నజ్జామును, జైనుద్దీనును, సయ్యదహమ్మదును వెంటబెట్టుకొని పోవుగాక!

పుత్రశోకమున నుండియు, సూర్యుడు నా బిడ్డకై చీకటి కాలేదని చెప్పగలిగిన తండ్రిని తలచుకొనుడు. ఆ సత్యనిష్ఠను గౌరవించుటకు ముస్లిము కానక్కరలేదు. దానిని అనుసరించుటవలన ముస్లిము ముస్లిము కాకపోడు. ఇంతియే మా మనవి.